సాంచె ఆగిన నెలలు



మన కరీంనగర్ వైపు తెల్ల కార్డు ఇల్లు అంటే పేదిల్లని వేరే చెప్పనక్కర్లేదు. బియ్యం ఆ కార్డు మీదే వస్తాయి, ఆరోగ్యశ్రీకి ఆ కార్డే చూపిస్తారు, పిల్లల స్కాలర్‌షిప్ ఫారానికి జతచేసేదీ దాని జిరాక్సే. ఆ కార్డు సంచిలో పెట్టుకుని మహారాష్ట్రకు పోతే రంగుల లెక్క తలకిందులవుతుంది. అక్కడ 1999 నుంచి రేషన్ కార్డులు మూడు రంగులు. నిరుపేదలకు పసుపు. వాళ్ళకంటే కాస్త పైనున్నవాళ్ళకు కాషాయం. ఏడాదికి లక్ష రూపాయలకు పైబడి రాబడి ఉన్నవాళ్ళకు తెలుపు. కొత్తగా దిగినావిడ రేషన్ దుకాణంలో "మాది తెల్ల కార్డు" అన్నదంటే, తాను కలిగినింటి మనిషినని తన నోటితోనే చెప్పుకున్నట్టు.

వినడానికి నవ్వొస్తుంది. ఇంట్లో పిల్లల అన్నం ఆ కార్డు మీద ఆధారపడిన నెలలో మాత్రం రాదు. ఈ రోజు నేను మాట్లాడబోయేది అలాంటి నెలల గురించి, భీవండిలోని కనేరి వాడ పిల్లల గురించి.

భీవండి ముంబయికి పొరుగునే, ఠాణే జిల్లాలో ఉంది. 2011 జనాభా లెక్కల్లో ఊరి జనం 7 లక్షల 9 వేల పైచిలుకు. దేశంలోని మరమగ్గాల్లో మూడో వంతు దాకా ఈ ఊళ్ళోనూ చుట్టుపక్కలా ఉన్నాయంటారు. మనవాళ్ళు వాటిని సాంచాలంటారు, నేనూ అలాగే అంటాను. కనేరి, పద్మానగర్, కామత్‌ఘర్ వైపు నడిస్తే ఆ సాంచాల చప్పుడు మధ్య తెలుగు వినపడుతూనే ఉంటుంది. సిరిసిల్ల తెలుగు, వరంగల్ తెలుగు, నల్లగొండ తెలుగు. పద్మశాలీలు ఎక్కువ. తాత కాలంలో వచ్చి స్థిరపడి సొంత సాంచాలు పెట్టుకున్నవాళ్ళున్నారు, మొన్నటి దసరా తరవాత బస్సు దిగి ఖోలీ అద్దెకు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. బయటివాళ్ళు అందరినీ ఒకే గాట కట్టి చూస్తారు గాని ఆ ఇద్దరి పిల్లల బతుకులూ ఒకటి కావు. నా మాటలు ఈ రెండో రకం ఇళ్ళ గురించి.

చేనేత మీద బతుకు సాగక కొందరు నిజాం కాలంలోనే తెలంగాణ నుంచి కదిలారు. షోలాపూర్ పోయారు, బొంబాయి మిల్లుల్లో చేరారు. 1982లో దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మె పేరుకి ముగిసిందే లేదు, మిల్లులే ఒక్కొక్కటీ మూతపడ్డాయి. వాటిలో నేసే బట్టలో చాలా భాగం భీవండి సాంచాల మీదికి చేరింది. బట్ట చేరింది గాని, మిల్లులో ఉండిన హాజరు పుస్తకం చేరలేదు. ప్రావిడెంట్ ఫండ్ చేరలేదు. ఈఎస్ఐ ఆస్పత్రి చీటీ చేరలేదు. కనేరి పిల్లల లేమికి మొదలు ఎక్కడని అడిగితే నేను అక్కడే వేలు పెడతాను.

కార్ఖానాలో పన్నెండు గంటల పాళి. పగటి పాళి ఒకరిది, రాత్రి పాళి ఇంకొకరిది. చాలాచోట్ల ఖోలీలో పరుపు కూడా అలాగే పాళీల మీద నడుస్తుంది. ఒక మనిషి నాలుగు సాంచాలు చూస్తాడు, ఆరు కూడా చూస్తాడు. పోగు తెగితే ముడేయాలి, నాడెలో కండె అయిపోతే ఇంకోటి వేయాలి. పక్కవాడికి ఏదైనా చెప్పాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. ఏళ్ళ తరబడి ఆ చప్పుడులో పనిచేసినవాళ్ళు ఇంట్లోనూ గట్టిగానే మాట్లాడతారు. కొత్త కోడళ్ళు మొదట్లో తమ మీద కోప్పడుతున్నాడనుకుని ఏడుస్తారట.

పగార్ నెలకింత అని ఉండదు, నేసిన మీటరుకింత. కరెంటు పోతే మీటర్లు లేవు. పడుగు నూలు చుట్టిన బీము రాకపోతే మీటర్లు లేవు. నూలు ధర పెరిగి, రంగు వేయని గ్రే బట్టకు గిరాకీ పడిపోయి, సేట్లు కార్ఖానాలు బంద్ పెడితే మీటర్లు లేవు. మనిషికి జ్వరం వస్తే సాంచె ఆగదు, ఇంకో మనిషి వచ్చి నిలబడతాడు. జ్వరపడ్డవాడికి మాత్రం మీటర్లు లేవు. 2016లో పెద్ద నోట్ల రద్దు, మరుసటి ఏడాది జీఎస్టీ, 2020లో లాక్‌డౌన్. ఇవి దేశమంతా ఎరిగిన దెబ్బలు. వీటి మధ్య వచ్చే పదిహేను రోజుల మందీలు, నెల రోజుల మందీలు పేపర్లలో రావు. కనేరిలో సంవత్సరాన్ని లెక్కపెట్టుకునేది వాటితోనే.

పిల్లల పేదరికం అనగానే ఏడాది పొడుగునా ఒకేలా ఉండే లేమిని ఊహించుకుంటాం. కనేరిలో అలా ఉండదు. సాంచాలు ఆడినన్నాళ్ళూ పిల్లలు బడికి పోతూనే ఉంటారు. ఒంటి మీద యూనిఫారం ఉంటుంది, ఇంట్లో టీవీ ఉంటుంది, ఆదివారం కోడికూర ఉంటుంది. సర్వే చేయడానికి ఆ నెలలో వచ్చినవాళ్ళు ఈ ఇల్లు ఫర్వాలేదని రాసుకుని పోతారు. చదువు ఆగేది సాంచె ఆగిన నెలల్లో. ఆగిన చదువు, సాంచె మళ్ళీ ఆడినంత మాత్రాన మొదలు కాదు. తండ్రికి పని మూడో నెలలో దొరుకుతుంది. పిల్లవాడు తిరిగి బడికి పోడు.

ఇది ఎలా జరుగుతుందో చెప్పాలంటే బిస్సి గురించి చెప్పాలి. ఊరి నుంచి ఒంటరిగా వచ్చిన కార్మికులకు వండిపెట్టే ఇంటి మెస్సు అది. నడిపేది ఎక్కువగా ఆడవాళ్ళు. భర్త సంపాదన చాలకనో, భర్త పోయాకనో మొదలుపెడతారు. పెట్టుబడి రెండు పెద్ద గిన్నెలు, ఒక పొయ్యి, కిరాణా దుకాణంలో అరువు. తెల్లవారుజామున లేచి అన్నం, పప్పు, ఒక కూర. పాళి మారే వేళకు రాత్రి పాళి వాళ్ళు తిని పడుకుంటారు, పగటి పాళి వాళ్ళు తిని పోతారు. పదిమంది తినే బిస్సి చిన్నది, ముప్పైమంది తినేది పెద్దది. డబ్బు నెల తిరిగాక, లేదా పగార్ అందాక.

ఇప్పుడు మందీ వచ్చిందనుకోండి. కార్మికుడు మొదటి వారం ఓపిక పడతాడు, రెండో వారం సేటు దగ్గర బాకీ అడుగుతాడు, మూడో వారం ఊరి బస్సెక్కుతాడు. "అక్కా, పండుగ తర్వాత వచ్చి ఇస్తా" అంటాడు. మోసం చేయాలని కాదు, చేతిలో లేదు. ఆమె ఖాతా పుస్తకంలో అతని పేరు ఎదుట అంకె అలాగే ఉండిపోతుంది. కిరాణా దుకాణదారుకు మాత్రం పండుగ దాకా ఆగే పని లేదు. సరుకు ఆపేస్తాడు. కార్ఖానాలో సాంచె ఆగితే, దానితో ఏ సంబంధమూ లేని ఈ ఇంట్లో ఏడో తరగతి చదివే ఆడపిల్ల మీద పడుతుంది ఆ బరువు. తల్లి ఎక్కడో గోడౌన్‌లో ప్యాకింగ్ పనికి పోవాలి, మిగిలిన నలుగురికైనా వండిపెట్టే మనిషి ఇంట్లో ఉండాలి.

"రెండ్రోజులే బిడ్డా, మళ్ళ పోదువు గాని బడికి."

తల్లి అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే రెండ్రోజులనుకుంటుంది. రెండు రోజులు రెండు వారాలవుతాయి, పరీక్షలు దాటిపోతాయి. తోటి పిల్లలు ఎనిమిదో తరగతికి పోయాక ఏడులో కూర్చోవడానికి పిల్ల సిగ్గుపడుతుంది. ఈ పిల్ల పేరు ఏ బాలకార్మికుల జాబితాలోనూ ఉండదు. ఆమె చేస్తున్నది ఇంటి పని.

మగపిల్లవాడైతే దారి ఇంకా దగ్గర. కండెలు చుట్టే మిషన్ దగ్గర చేరతాడు. చేతులు చిన్నవి, చూపు చురుకు, పోగు పట్టడం రోజులోనే వచ్చేస్తుంది. తండ్రితో పాటే పోతాడు, తండ్రితో పాటే వస్తాడు. అడిగితే "ఊరికే కూర్చుంటాడని తీసుకొచ్చిన" అంటారు.

చట్టం సంగతి ఏమిటి? 1986 నాటి బాలకార్మిక చట్టం కింద ప్రమాదకరమైన పనుల జాబితాలో మరమగ్గాల పరిశ్రమ కూడా చేరింది. 2016లో ఆ చట్టాన్ని సవరించారు. 14 ఏళ్ళలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. పెట్టినవాళ్ళకు 6 నెలల నుంచి 2 ఏళ్ళ దాకా జైలు, 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా. ఇంతవరకు బాగుంది. అదే సవరణలో, ప్రమాదం లేని పనైతే బడి అయ్యాక, సెలవుల్లో కుటుంబానికి సాయం చేయవచ్చని ఒక కిటికీ తెరిచారు. ఇల్లెక్కడ ముగుస్తుందో, కార్ఖానా ఎక్కడ మొదలవుతుందో చెప్పలేని కనేరి లాంటి చోట ఆ కిటికీ గుమ్మమంత వెడల్పు. దాడి చేసి పిల్లవాణ్ణి కండెల మిషన్ దగ్గరి నుంచి లేపితే ఫొటో వస్తుంది. లేపిన పిల్లవాడి ఇంట్లో కిరాణా అరువు ఎంతుందో అడిగితేనే వాడు మళ్ళీ అక్కడికి రాకుండా ఉంటాడు. ఈ రెండో పని చేసేవాళ్ళు తక్కువ.

మన తెలుగునాట ఈ విషయం మీద అందరికంటే గట్టిగా మాట్లాడిన మనిషి శాంతా సిన్హా గారు. రంగారెడ్డి జిల్లాలో ఎంవీ ఫౌండేషన్ ద్వారా ఆమె చేసిన పనికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. తరవాత జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. బడికి పోని పిల్లలంతా బాలకార్మికులే అన్నది ఆమె సూత్రం. బిస్సిలో గిన్నెలు తోమే మన ఏడో తరగతి పిల్ల కూడా ఆ లెక్కలోకి వస్తుంది. పేదవాళ్ళు గనక పిల్లలను పనికి పంపుతారనే మాటను ఆమె ఒప్పుకోలేదు. అవకాశం కనబడితే ఎంత పేద తల్లిదండ్రులైనా బిడ్డను బడికే పంపుతారని, కష్టమైనా ఓర్చుకుంటారని ఊళ్ళ అనుభవంతో చూపించారు. ఆ మాట నిజమని నేనూ నమ్ముతాను. కాకపోతే ఊళ్ళో ఒక వెసులుబాటు ఉంది. మందీ వస్తే అమ్మమ్మ ఇల్లుంది, సొంత గుడిసె ఉంది, ముఖం ఎరిగిన షావుకారున్నాడు. కనేరిలో నెల మొదట ఖోలీ అద్దె కట్టాలి. కట్టకపోతే డిపాజిట్ కరిగిపోతుంది, అది కరిగాక సామాను బయట పెడతారు. ఓర్చుకునే తల్లికి కూడా ఓర్చుకోవడానికి మూడు నెలల గడువు కావాలి.

ఆ మూడు నెలల గడువు మన చట్టాల్లో లేదా అంటే, ఉంది. ఈఎస్ఐ 1948 నాటి చట్టంతో వచ్చింది. నెలకు 21 వేల లోపు జీతగాడికి జబ్బు చేసి పనికి పోలేకపోతే ఏడాదిలో 91 రోజుల దాకా కూలీలో 70 శాతం ఇస్తారు. క్షయ లాంటి దీర్ఘ రోగమైతే, షరతులకు లోబడి, 80 శాతం చొప్పున రెండేళ్ళ దాకా. దుమ్ములో, ఇరుకు ఖోలీల్లో బతికే నేతగాళ్ళకు క్షయ కొత్త జబ్బేమీ కాదు. 91 రోజులంటే మూడు నెలలు. తండ్రి మంచాన పడ్డ మూడు నెలలూ ఇంటికి 70 శాతం కూలీ వచ్చిందంటే ఆ పిల్ల బడి మానదు. పిల్లల కోసం పెట్టిన పథకాలన్నిటికంటే పిల్లలకు ఎక్కువ పనికొచ్చే పథకం ఇదే అనిపిస్తుంది నాకు, అది పిల్లల కోసమని పెట్టింది కాకపోయినా.

చిక్కంతా అందులో పేరు ఎక్కించడం దగ్గరే. పదిమంది పనిచేసే చోటు అయితేనే ఈఎస్ఐ వర్తిస్తుంది. అందుకే ఒకే రేకుల షెడ్డు కింద ఉన్న సాంచాలు కాగితం మీద అన్నవి కొన్ని, తమ్ముడివి కొన్ని, వదినవి కొన్ని అవుతాయి. ఫ్యాక్టరీల చట్టం నుంచి తప్పుకోవడానికీ ఇదే ఉపాయంగా ఉండేది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్లలో కరెంటుతో నడిచే ఫ్యాక్టరీకి ఆ హద్దును పది నుంచి ఇరవై మందికి పెంచారు. ఫ్యాక్టరీ నియమాల వరకు ఇక అన్నదమ్ములు పంచుకునే శ్రమ కూడా చాలామందికి తప్పింది. సేట్లందరూ చెడ్డవాళ్ళని నేననను. ఎనిమిది సాంచాల చిన్న ఆసామి కరెంటు బిల్లు చూసి తనే నిద్రపోలేడు. వాళ్ళు నేసిన బట్టతో వ్యాపారం చేసే పెద్దవాళ్ళు మాత్రం లెక్కలోకి ఎక్కడా రారు. మీటరు బట్ట మీద పైసల్లో సెస్సు వేసి కార్మికుల నిధి పెట్టవచ్చు. బీడీ కార్మికులకు అలాగే చేశారు. ఆ నిధి నుంచి వాళ్ళ పిల్లలకు స్కాలర్‌షిప్పులు వచ్చాయి. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ బీడీ సెస్సునే తీసేశారు.

ఇక రేషన్. ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు అన్న ఏర్పాటు 2019 ఆగస్టులో రెండు జంటలతో మొదలైంది: ఆంధ్రప్రదేశ్‌తో తెలంగాణ, మహారాష్ట్రతో గుజరాత్. అంటే సిరిసిల్ల కార్డు గుంటూరులో చెల్లింది గాని, సిరిసిల్ల మనుషులు నిజంగా వలసపోయే భీవండిలో చెల్లలేదు. 2020 జనవరిలో ఈ నాలుగూ మరికొన్ని రాష్ట్రాలూ కలిశాయి. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు గడువు పెట్టి అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలన్నది. ఇప్పుడు మీ ఊరి కార్డు మీదే కనేరి రేషన్ దుకాణంలో వేలిముద్ర వేసి మనిషికి 5 కిలోల ధాన్యం తెచ్చుకోవచ్చు. ఊళ్ళో అవ్వ తన వాటా అక్కడే తీసుకుంటుంది, కొడుకూ కోడలూ పిల్లలూ తమ వాటా ఇక్కడ తీసుకోవచ్చు. కార్డు రంగు ఏదైనా ఫర్వాలేదు. కావలసింది నంబరు, ఆధార్.

ఇందులో రెండు మెలికలున్నాయి. తెలంగాణలో కార్డులన్నీ కేంద్ర ఆహార భద్రతా చట్టం కిందివి కావు, రాష్ట్రం తన ఖర్చుతో ఇచ్చినవీ ఉన్నాయి. అవి పొరుగు రాష్ట్రంలో పనిచేయవు. రాష్ట్రం అదనంగా ఇచ్చే కిలో, 2025 నుంచి ఇస్తున్న సన్నబియ్యం కూడా హద్దు దాటవు. రెండోది, పిల్లల పేర్లు. పెళ్ళయ్యాక, పిల్లలు పుట్టాక కార్డులో చేర్పించకుండానే వలస వచ్చేస్తారు. నలుగురున్న ఇంట్లో కార్డు మీద ఇద్దరే ఉంటారు, తప్పిపోయిన ఇద్దరూ పిల్లలే. ఈసారి బతుకమ్మకో, పెళ్ళికో ఊరికి పోయినప్పుడు మీసేవకు ఒక పూట కేటాయించండి.

బడి విషయంలో చట్టం మనకు అనుకూలంగానే ఉంది, చాలామందికి తెలియదంతే. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం పాత బడి నుంచి టీసీ రావడం ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకపోవడం కుదరదు. పుట్టిన తేదీ కాగితం లేదనీ కాదనకూడదు. ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి. భీవండి-నిజాంపూర్ మునిసిపల్ కార్పొరేషన్ బళ్ళలో మరాఠీ, ఉర్దూ, హిందీలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. అసలు చిక్కు ఎనిమిదో తరగతి తరవాత. ఉచితమన్న హామీ 14 ఏళ్ళతో తీరిపోతుంది. సరిగ్గా ఆ వయసుకే పిల్లవాడికి పాళి మీద నిలబడే ఎత్తూ వస్తుంది.

తాత కాలంలో వచ్చినవాళ్ళ పిల్లలకు ఇంకో గోడ ఉంది, కులం సర్టిఫికెట్. మహారాష్ట్రలో పద్మశాలీలు ప్రత్యేక వెనుకబడిన వర్గం కిందికి వస్తారు, 2 శాతం రిజర్వేషన్ ఉంది. అయితే ఒక నిర్ణీత తేదీకి ముందు నుంచే కుటుంబం ఆ రాష్ట్రంలో ఉందని రుజువు చూపాలి. ఖోలీలు మారుతూ బతికిన మనిషి ఏ కాగితం దాచుకుంటాడు? వరదకో, అగ్గికో, కూలిన గోడకో పోకుండా మిగిలితే అదృష్టం. ఈ రాష్ట్రపు హక్కు ఆ రాష్ట్రంలో చెల్లదన్న మాట సుప్రీంకోర్టులో తేలింది కూడా ఒక తెలుగు విద్యార్థి కేసులోనే. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే బొంబాయి చేరిన మర్రి చంద్రశేఖరరావు అక్కడి సేఠ్ జీఎస్ మెడికల్ కాలేజీలో ఎస్టీ కోటా సీటు కోరారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ అయినంత మాత్రాన మహారాష్ట్రలో కాలేరని 1990లో రాజ్యాంగ ధర్మాసనం తీర్పిచ్చింది. న్యాయశాస్త్రం ప్రకారం ఆ తీర్పులో తప్పు పట్టడం నాకు చేతకాదు. పనిచేసే చేతులకు ఎక్కడైనా గిరాకీ ఉందని, ఆ చేతుల హక్కులు మాత్రం జిల్లా పేరు అడుగుతాయని గమనించాను, అంతే.

తెలంగాణలో ఒక మాట ఉంది: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. వలస పోతే ఈ మూడింట్లో ఒక చోటికని. బొగ్గుబాయికి పోయినవాడికి సింగరేణి క్వార్టర్లున్నాయి, కంపెనీ ఆస్పత్రి ఉంది, కంపెనీ బడి ఉంది. దుబాయికి పోయినవాడు గల్ఫ్‌లో చనిపోతే కుటుంబానికి 5 లక్షల రూపాయలిచ్చే జీవోను తెలంగాణ ప్రభుత్వం 2024లో తెచ్చింది. బొంబాయికి పోయినవాడు పరాయి దేశం పోలేదు గనక ప్రవాసి కాడు, సొంత రాష్ట్రంలో లేడు గనక లబ్ధిదారూ కాడు. మహారాష్ట్రలో 2024 నుంచి లాడ్కీ బహీణ్ పథకం కింద పేదింటి ఆడవాళ్ళకు నెలకు 1,500 రూపాయలిస్తున్నారు. దానికి ఆ రాష్ట్రపు నివాస రుజువు కావాలి. తెలంగాణలో ఆడవాళ్ళకు బస్సు ఉచితం. అది రాష్ట్రం సరిహద్దు దాకే. బ్రెజిల్‌లో 2003లో మొదలుపెట్టిన బోల్సా ఫమీలియా అనే పథకంలో పేద కుటుంబానికి, ఎక్కువగా తల్లి చేతికే, డబ్బిస్తారు. పిల్లలు బడికి పోవాలి, టీకాలు వేయించాలి. దాన్ని నడిపేది కేంద్ర ప్రభుత్వం, కాబట్టి ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి కూలికి పోయిన ఇల్లు లెక్కల్లో ఉండిపోవడానికి వీలుంది. మనకు పిల్లల పేరున, దేశమంతా చెల్లే అలాంటి సాయం లేదు.

ఇంటి అద్దె గురించి ఇందాక అన్నాను. ఆ బాధకు విరుగుడు చూడాలంటే షోలాపూర్ పోవాలి. అక్కడి బీడీ చుట్టే ఆడవాళ్ళు, చాలామంది తెలుగువాళ్ళు, నర్సయ్య ఆడం నాయకత్వంలో ఏళ్ళ తరబడి పోరాడి సొంత ఇళ్ళు తెచ్చుకున్నారు. ఆయనది తెలుగు పద్మశాలీ కుటుంబమే, కమ్యూనిస్టు నాయకుడు, మాజీ ఎమ్మెల్యే. ఆడం మాస్టర్ అంటారు. గోదూతాయి పరులేకర్ పేరుతో 10 వేల ఇళ్ళ కాలనీని 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ అప్పగించారు. తరవాత 30 వేల ఇళ్ళతో రే నగర్ తలపెట్టారు. అందులో 15 వేల ఇళ్ళను 2024 జనవరిలో ప్రధాని నరేంద్ర మోదీ ఇచ్చారు. బీడీ కూలి పెరగకపోయినా, సొంతిల్లు ఉన్న తల్లి మందీ నెలల్లో అద్దెకు భయపడదు. అటు భీవండిలో 2020 సెప్టెంబరులో పటేల్ కాంపౌండ్‌లో ఒక పాత భవనం తెల్లవారుజామున కూలి దాదాపు 40 మంది పోయారు, వాళ్ళలో పిల్లలు చాలామంది. అద్దె చవకగా దొరికే ఇల్లు ఎలాంటిదో ఊరంతటికీ తెలిసిన రోజది. షోలాపూర్‌లో సాధ్యమైనది భీవండిలో ఎందుకు కాలేదంటే, అక్కడ తరతరాలుగా పాతుకున్న మనుషులున్నారు, బలమైన సంఘం ఉంది. కనేరిలో సగం మంది మనసు ఎప్పుడూ ఊరి బస్సు మీదే ఉంటుంది.

ఆ బస్సు వెనక్కి తిప్పే పని కూడా ఒకసారి జరిగింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరు సిరిసిల్ల సాంచాలకు ఇచ్చింది. ఏటా కోటి చీరల దాకా. ఆ నెలల్లో సిరిసిల్లలో పని దొరుకుతుందని భీవండి నుంచి కొన్ని కుటుంబాలు తిరిగొచ్చాయి. చీర నాణ్యత మీద ఎన్ని విసుర్లు వినపడినా, నా దృష్టిలో అది పండుగ కానుక కంటే ముందు పిల్లల పథకం, ఎందుకంటే తండ్రికి ఎన్ని నెలల పని ఉంటుందో ముందే తెలిసింది. 2024లో ఆ పంపిణీ ఆగింది. తరవాత స్వయం సహాయక సంఘాల మహిళల కోసం చీరల ఆర్డరు వచ్చింది. మధ్యలో ఆ ఖాళీ నెలలు ఎవరెవరి ఇళ్ళలో ఎలా గడిచాయో సిరిసిల్ల బడుల హాజరు పట్టీల్లో వెతికితే దొరుకుతుంది.

వింటున్నవాళ్ళలో కనేరి శ్రోతలు కూడా ఉంటారు గనక వెంటనే పనికొచ్చే సంగతులు చెప్పి ముగిస్తాను. తండ్రి లేదా తల్లి పోయిన పిల్లలకు, తల్లిదండ్రులు దీర్ఘరోగంతో ఉన్న పిల్లలకు, విడిపోయిన ఇళ్ళ పిల్లలకు మహారాష్ట్రలో బాల సంగోపన్ పథకం ఉంది. 2023 నుంచి బిడ్డకు నెలకు 2,250 రూపాయలు. దరఖాస్తు జిల్లా మహిళా శిశు వికాస శాఖకు, నిర్ణయం బాలల సంక్షేమ కమిటీది. బిస్సి నడిపే ఒంటరి తల్లులు ముందుగా అడగాల్సింది దీన్నే. క్షయ మందులు వాడుతున్న మనిషికి పోషణ కోసం నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. 2024 నవంబర్ దాకా అది 500 ఉండేది. ఆరు నెలల పాప నుంచి ఆరేళ్ళ బిడ్డ దాకా అంగన్‌వాడీలో పేరు రాయించండి. ఊళ్ళో రాయించి ఉంటే ఆ పేరును ఇక్కడికి మార్పించుకోవచ్చు. పిల్లవాణ్ణి ఎవరైనా పనిలో పెట్టి హింసిస్తుంటే, పిల్ల తప్పిపోతే 1098కి ఫోన్ చేయండి, ఏ వేళైనా, డబ్బు పడదు.

మహారాష్ట్రలో బడులు జూన్ నడుమ తెరుస్తారు, తెలంగాణలో కాస్త ముందే. ఊళ్ళో అమ్మమ్మ దగ్గర వదలాలా, కనేరిలోనే చేర్పించాలా అని చాలా ఇళ్ళలో ఆ నెలంతా తర్జనభర్జన నడుస్తుంది. ఏది చేసినా మే నెలలోనే తేల్చుకోండి. పాత బడి హెడ్మాస్టరును టీసీ, మార్కుల పట్టీ ఇప్పుడే అడగండి. మందీ వచ్చి పిల్లను రెండ్రోజులు ఇంట్లో ఉంచక తప్పకపోతే, మూడో రోజు పొద్దున మీరే చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోయి పంతులమ్మకు అప్పగించి రండి.